విద్యను నమ్మి ఇచ్చెడి ఋణము

మా కేంద్రమునకు వచ్చు ఉత్తరములలో కొంతకాలముగా ఒకే తీరు ప్రశ్న మరల మరల కనబడుచున్నది. "మాకు ఒక విద్య తెలియును. దానిని పదిమందికి నేర్పి బ్రతుకవలెనని కోరిక. చేతిలో పెట్టుబడి లేదు. ప్రభుత్వపు హామీ మీద బ్యాంకులు అప్పు ఇచ్చునని విన్నాము. అది నిజమేనా? దానిని పొందు మార్గ మేది?" ఇట్లు వ్రాయువారిలో కుట్టుపని తెలిసిన గృహిణులున్నారు. కంప్యూటరు మీద జమాఖర్చులు వ్రాయుట నేర్చిన పట్టభద్రులున్నారు. మోటార్లు బాగుచేయు పనివారున్నారు. ఇంగ్లీషు సంభాషణ నేర్పగల ఉపాధ్యాయులున్నారు. ఊళ్లు వేరు, విద్యలు వేరు. ప్రశ్న మాత్ర మొక్కటే. నేటి ప్రసంగమున దానికి సమాధానము చెప్పుటకు యత్నింతుము.

మొట్టమొదట ఒక చిక్కును గుర్తింపవలెను. బియ్యపు మిల్లు పెట్టదలచినవాడు బ్యాంకునకు పోయినచో మేనేజరు గారి కన్నులకు మిల్లు కనబడును, యంత్రములు కనబడును, గోదాములోని ధాన్యము కనబడును. అప్పు తీరనినాడు వానిలో దేనినైనను అమ్ముకొనవచ్చునను ధైర్యము ఆయనకు కలుగును. శిక్షణాలయము పెట్టదలచినవాని సంగతి అట్లు కాదు. వాని ముఖ్యమైన ఆస్తి వాని తలలోను, చేతివేళ్లలోను ఉన్నది. దానిని జప్తు చేయుటకు వీలులేదు. వేలము వేయుటకు వీలులేదు. మిగిలినవి నాలుగు బల్లలు, పది కుర్చీలు, వాడిన యంత్రములు. అమ్మబోయిననాడు వానికి కొన్న ధరలో పావువంతు వచ్చుట కష్టము. అందుచేతనే తరతరములుగా ఇట్టివారిని చూడగానే "ఇల్లున్నదా? పొలమున్నదా? పత్రములు తెండు" అనుట అప్పిచ్చువారికి అలవాటైనది.

ఆ అలవాటు ఎంతటి పని చేయగలదో మా యింటిలోనే చూచితిమి. మా చిన్నతనమున మా మేనమామ ఒక చిన్న పట్టణములో టైపు ఇన్‌స్టిట్యూటు పెట్టెను. ఆ దినములలో ఆంధ్రదేశమున టైపు ఇన్‌స్టిట్యూటు లేని పేట యుండెడిది కాదు. తెల్లవారుజామున అయిదింటికే యంత్రముల టకటక మొదలయ్యెడిది. లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసైన పిల్లలకు కచేరీలలో నౌకరీ దొరకునని తల్లిదండ్రుల ఆశ. ఎనిమిది యంత్రములు కొనుటకై మా తాతగారు ఎకరము మాగాణి తాకట్టు పెట్టిరి. నాలుగేండ్లు బాగుగనే జరిగినది. ఆపైన కంప్యూటర్లు వచ్చినవి. పిల్లలు అటు మళ్లిరి. యంత్రములు తూకము లెక్కను ఇనుపసామానువానికి పోయినవి. ఎకరము తిరిగి మా తాతగారి చేతికి రాలేదు. మామయ్య చెడ్డ వ్యాపారి కాడు, బద్ధకస్థుడు కాడు. నేర్పెడి విద్యకే కాలము చెల్లినది. ఒక విద్యకు కాలము చెల్లినందులకు ఒక కుటుంబపు భూమి బదులు చెప్పవలసి వచ్చినది. ప్రభుత్వపు హామీని గూర్చి ఎవరైన అడిగినప్పుడెల్ల మాకు ఆ ఎకరము జ్ఞాపకము వచ్చుచుండును.

ఇక హామీ యననేమో చూతము. ఈ యాలోచన నిన్న మొన్నటిది కాదు. 1960 జూలైలో భారత ప్రభుత్వము చిన్న పరిశ్రమలకు ఋణ హామీ పథకము నొకదానిని రిజర్వు బ్యాంకు ద్వారా ప్రారంభించెను. తొలుత అది 22 జిల్లాలకే పరిమితమై, తరువాత దేశమంతటికి విస్తరించినది. 2000లో కేంద్ర ప్రభుత్వమును, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు అనబడు సిడ్బియు కలసి సూక్ష్మ, చిన్న సంస్థలకొరకు ఒక ఋణ హామీ నిధి ట్రస్టును నెలకొల్పినవి. ఈ ట్రస్టు హామీ వహించు ఋణముల గరిష్ఠ పరిమితి 2023 ఏప్రిల్‌లో 5 కోట్ల రూపాయలకును, 2025 ఏప్రిల్‌లో 10 కోట్లకును పెరిగినది. చిన్న చిన్న ముద్రా ఋణములకు వేరుగా మరియొక హామీ నిధి యున్నది.

వీని సారాంశ మిది. అప్పు ఇచ్చునది బ్యాంకే, ప్రభుత్వము కాదు. అప్పు తీసికొన్నవాడు తీర్చలేకపోయినచో, బ్యాంకునకు కలిగిన నష్టములో ముప్పాతిక పాలో, అంతకు కొంత హెచ్చో ఆ నిధి భరించును. ఇందుకై ప్రతి సంవత్సరము కొంత రుసుము చెల్లవలసి యుండును. కావున బ్యాంకు ఇల్లు, పొలము తాకట్టు అడుగకయే అప్పు ఇయ్యగలుగును.

ఇచ్చట పెక్కుమంది పొరబడుచున్నారు. "సర్కారు హామీ యున్నది గనుక మేము తీర్చకపోయినను చెల్లును" అనుకొనువారిని మేము చూచితిమి. ఆ హామీ బ్యాంకునకు గాని అప్పు తీసికొన్నవానికి కాదు. నిధినుండి బ్యాంకునకు సొమ్ము ముట్టిన తరువాత కూడ ఋణస్థుని బాకీ బాకీగనే నిలుచును. బ్యాంకు దానిని వసూలు చేయుచునే యుండును. పైగా అతని పేరు ఋణచరిత్ర దాఖలాలలో చెడి, మరి కొన్నియేండ్లు ఏ బ్యాంకు గుమ్మము తొక్కినను పని జరుగదు. హామీవలన మనకు కలుగు మేలు ఒక్కటే: తలపై నీడనిచ్చు ఇల్లు పందెములో పెట్టనక్కర లేకుండుట. మా మేనమామ కాలమున ఆ మేలు మా యింటివరకు వచ్చియున్నచో ఎంత బాగుండెడిదో!

శిక్షణాలయము పెట్టువారికి ముఖ్యముగా పనికివచ్చు మార్గములు రెండు మూడు కలవు.

మొదటిది ప్రధానమంత్రి ముద్రా యోజన. ఇది 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైనది. సేద్యమునకు వెలియైన ఉత్పత్తి, వ్యాపారము, సేవలు — ఈ మూడింటికిని ఇది వర్తించును, నేర్పుట సేవలలోనిది. ఇందు ఋణములకు శిశు, కిశోర, తరుణ అని ముద్దుపేర్లు పెట్టినారు. 50,000 రూపాయల వరకు శిశు. అది మొదలు 5 లక్షల వరకు కిశోర. ఆపైన 10 లక్షల వరకు తరుణ. తరుణ ఋణము తీసికొని సక్రమముగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చు ఏర్పాటు 2024 అక్టోబరునుండి అమలులోనికి వచ్చినది. ఇందులో సబ్సిడీ లేదు. "ముద్రాలో ఎంత మాఫీ యగును?" అని అడుగువారికి సమాధానము: ఏమియు కాదు. ఇది తాకట్టు లేని అప్పు; అంతియే.

రెండవది ప్రధానమంత్రి ఉపాధి కల్పనా కార్యక్రమము. 2008లో పూర్వపు రెండు పథకములను కలిపి దీనిని రూపొందించినారు. ఖాదీ గ్రామోద్యోగ కమిషను దీనిని నడుపుచు వచ్చినది. 2022లో సవరించిన నిబంధనల ప్రకారము సేవారంగమున 20 లక్షల రూపాయల వ్యయము వరకు గల సంస్థలకు ఇది వర్తించును. ఇందులో సబ్సిడీ యున్నది: సాధారణ వర్గమువారికి పట్టణములలో నూటికి 15, గ్రామములలో 25, స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వెనుకబడిన తరగతులు మొదలైనవారికి పట్టణములలో 25, గ్రామములలో 35. సొంత పెట్టుబడి మొదటివారు నూటికి 10, రెండవవారు 5 పెట్టవలెను. అయితే మూడు సంగతులు మరువరాదు. ఇది క్రొత్తగా పెట్టు సంస్థలకే గాని నడచుచున్నవానికి కాదు. సబ్సిడీ సొమ్ము చేతికి రాదు. మూడేండ్లు బ్యాంకులోనే వేరుగా నిలువయుండి, సంస్థ సరిగా నడచుచున్నదని తేలిన పిమ్మట అప్పులో జమయగును. మూడవది, ఇట్టి పథకములకు కాలావధులుండును. ఇది 2025–26 ఆర్థిక సంవత్సరము వరకు మంజూరైనది. కావున దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రమునకు పోయి ఆనాటి స్థితి విచారించుకొనుట విధి.

మూడవ మార్గము, ఇందాక చెప్పిన ట్రస్టు హామీతో నేరుగా బ్యాంకు ఇచ్చు ఋణము. పది లక్షలకు మించిన పెట్టుబడి కావలసినవారికి, అనగా పెద్ద కంప్యూటరు శిక్షణాలయము, డ్రైవింగు స్కూలు వంటివానికి, ఇది తగును. ఒకప్పటి నిబంధనలలో విద్యాసంస్థలు, శిక్షణసంస్థలు ఈ హామీ పరిధికి వెలుపల నుండెడివి. ఆ జ్ఞాపకముతో కొందరు అధికారులు నేటికిని తలయూచరు. అట్టి సందర్భమున వాదులాటకు దిగక, "తాజా సర్క్యులరు ఒకసారి చూచి చెప్పుడు" అని మర్యాదగా అడుగుట మేలు. చిన్న సంస్థలకు 10 లక్షల వరకు తాకట్టు అడుగరాదని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులను ఆదేశించిన సంగతియు తెలిసియుండుట మంచిది.

పథకముల మాట ఇంతటితో చాలింతుము. వీనిని ఏ కరపత్రములోనైనను చదువుకొనవచ్చును. కరపత్రములలో దొరకనిది మరియొకటి కలదు. దానిని మాకు ఒక శ్రోత అనుభవము నేర్పినది. ఆమె యనుమతితో, పేరు, ఊరు చెప్పక, దానిని మీ ముందుంచుచున్నాము.

ఆమెది గోదావరి తీరమున ఒక చిన్న పట్టణము. పెండ్లియై వచ్చిననాటినుండి ఇంటి వసారాలో రెండు మిషన్లు పెట్టుకొని జాకెట్లు కుట్టుచు, అడిగినవారికి నేర్పుచు వచ్చినది. నేర్చుకొనువారు పెరిగిరి, వసారా చాలలేదు. బజారు వీధిలో ఒక గది తీసికొని కుట్టుశిక్షణాలయము పెట్టవలెనని తలచినది. "ప్రాజెక్టు రిపోర్టు వ్రాసి, అప్పు ఇప్పించెదను" అని ఒక మధ్యవర్తి ముందుకు వచ్చి 5,000 రూపాయలు పుచ్చుకొనెను. ముచ్చటైన అట్టతో, రంగుల పటములతో ఇరువది పుటల పుస్తకము తయారైనది. అందు పది యంత్రములు, 5 లక్షల రూపాయల వ్యయము, మొదటి నెలనుండియే అరువదిమంది విద్యార్థినులు, తలకు నెలకు 2,000 చొప్పున 1,20,000 రూపాయల రాబడి!

బ్యాంకు మేనేజరు గారు ఆ పుస్తకమును త్రిప్పి చూచి, "అమ్మా, ఇది మీరు వ్రాసినదేనా?" అని అడిగిరి.

"వ్రాయించితినండి."

"దినమునకు ఎన్ని తరగతులు పెట్టుదురు?"

"రెండేసి గంటలవి మూడండి."

"పది యంత్రములు, మూడు తరగతులు. ముప్పదిమంది కూర్చుందురు. తక్కిన ముప్పదిమంది ఏ వేళ వత్తురు?"

ఆమె జవాబు చెప్పలేకపోయినది. పుస్తకము తిరిగి చేతికి వచ్చినది. ఆ రాత్రి మామగారు పెట్టె తెరచి ఇంటి పత్రములు తీసి, "అమ్మాయీ, ఇవి పట్టుకొనిపోయి వేరొక చోట అడుగుము. నీ కష్టము నేను చూచుచునే యున్నాను" అనిరట. ఆమె వాటిని ముట్టుకొనలేదు. మరునాడు మాకు ఉత్తరము వ్రాసినది: "మామయ్యగారి మంచితనము చూచి భయము వేయుచున్నది. ఇల్లు తాకట్టు పెట్టవచ్చునా, కూడదా? మీరే చెప్పవలెను."

ఆ ఉత్తరము చదివినప్పుడు మాకు ఎకరము మాగాణి కన్నులయెదుట నిలిచినది. మా కేంద్రమునకు ప్రసంగములకై వచ్చు విశ్రాంత బ్యాంకు అధికారి యొకరికి దానిని చూపితిమి. వారు నవ్వి, "పత్రముల మాట తరువాత. ముందు ఆమెను లెక్క వేయుమనుడు. ఆ లెక్క ఆమె చేతివ్రాతలోనే యుండవలెను" అనిరి. వారు చెప్పిన ప్రశ్నలను మేము ఆమెకు వ్రాసి పంపితిమి. ఆ లెక్కను శ్రోతలు కూడ కాగితము, పెన్సిలు తీసికొని మాతో వేయుదురుగాక.

మొదటి పుస్తకములోని ప్రకారము 5 లక్షల వ్యయములో 50,000 సొంతము, 4,50,000 అప్పు. వడ్డీ ఏడాదికి నూటికి 11 అనియు, అయిదేండ్లలో తీర్చవలెననియు అనుకొన్నచో, నెలసరి వాయిదా సుమారు 9,800 రూపాయలు. గది అద్దె 9,000, సహాయకురాలి జీతము 12,000, కరెంటు 2,500, బట్ట, దారము 4,000, మరమ్మతులు, ఇతరములు 2,500. మొత్తము 30,000. వాయిదాతో కలిపి 39,800. ఇంటికి 12,000 తీసికొనినగాని ఆమెకు గడవదు. అప్పుడు కావలసినది 51,800. తలకు 2,000 చొప్పున ఎందరు రావలెను? ఇరువదియారుగురు. కూర్చుండగలవారు ముప్పదిమంది. అనగా నాలుగు స్థానములు మాత్రమే ఖాళీగా నుండుటకు వీలున్నది. అయిదవది ఖాళీయైన నెలలో ఇంటి ఖర్చునో, వాయిదానో కోయవలసినదే. ఆ మేనేజరు గారు అప్పు ఇచ్చియున్నచో ఆమెను ఆపదలోనికి త్రోసియుండెడివారే. వారి నిరాకరణము ఆమెకు మేలే చేసినది.

ఆమె మరల లెక్క వేసినది. పాతవి రెండు యంత్రములుండగా క్రొత్తవి పది యెందుకు? ఆరు చాలును. బజారు వీధి గది యెందుకు? బడి వెనుక సందులో 6,000 అద్దెకు గది యున్నది. నేర్చుకొనువారు అడ్రసు తెలిసికొని వత్తురు గాని దారిని పోవుచు చూచి రారు గదా! సహాయకురాలు దినమంతయు అక్కరలేదు. ఒక పూటకు 7,000. కరెంటు 2,000, దారము మొదలైనవి 3,000, ఇతరములు 2,000. మొత్తము 20,000. వ్యయమంతయు 3 లక్షలకు దిగినది. 30,000 సొంతము, 2,70,000 అప్పు. వాయిదా సుమారు 5,900. ఖర్చులు, వాయిదా కలసి 25,900; పదుముగ్గురు వచ్చిన చాలును. ఇంటి ఖర్చు 12,000 కూడ కలిపినచో పందొమ్మిదిమంది. ఎనిమిది యంత్రములపై మూడు తరగతులకు ఇరువదినలుగురు కూర్చుండవచ్చును. సాయంకాలము యంత్రములు ఖాళీగా నుండక, బడిపిల్లల యూనిఫారములు కుట్టుటకు పనికివచ్చును.

ఈ లెక్కకు తోడు ఆమెవద్ద మధ్యవర్తి యడుగని ఒక నిధి యున్నది. నాలుగేండ్లుగా ఎవరెవరు ఏ నెలలో ఎంత రుసుము ఇచ్చిరో వ్రాసికొన్న నోటుపుస్తకము. ఇటీవలి రెండేండ్ల రుసుములు ఫోనుద్వారా ఆమె బ్యాంకు ఖాతాకే వచ్చినవి; పుస్తకములోని అంకెలు, ఖాతాలోని అంకెలు సరిపోయినవి. అప్పటికి పదునలుగురు నేర్చుకొనుచున్నారు. స్థలము లేక ఆగియున్నవారి పేర్లు తొమ్మిది వేరొక పుటలో నున్నవి. డ్వాక్రా సంఘములో తీసికొన్న అప్పు వాయిదా తప్పక తీర్చిన దాఖలా యున్నది. ఇవన్నియు తీసికొని ఆమె మరల అదే మేనేజరు గారి వద్దకు పోయినది. ఈసారి పుటలు నాలుగే. ఉపాధి కల్పనా కార్యక్రమము క్రొత్త సంస్థలకే గనుక, ముద్రాలో కిశోర తరగతి ఋణముగా వారు సిఫారసు చేసిరి. కొన్ని వారములకు మంజూరైనది.

కథ అంతటితో ముగిసినదని అనుకొనరాదు. శిక్షణ వ్యాపారమునకు ఋతువులున్నవి. వేసవి సెలవులలో గది నిండిపోయినది. సంక్రాంతి నెల వచ్చుసరికి కోతల పనులు, పండుగ పనులు. నేర్చుకొనువారు పదిమందికి దిగిరి. ఆ రెండు నెలలు ఆమె వాయిదా చెల్లించినది గాని ఇంటికి ఏమియు తీసికొనలేదు. యూనిఫారముల కుట్టుకూలితో ఇల్లు గడచినది. వాయిదా 9,800 అయియున్నచో ఏమయ్యెడిదో శ్రోతలే ఊహింపవచ్చును. కావున అప్పు పరిమాణమును నిండిన నెలను చూచి నిర్ణయింపరాదు. ఎండిన నెలను చూచి నిర్ణయింపవలెను. ఇది మేము నేర్చిన మొదటి పాఠము.

రెండవ పాఠము ప్రభుత్వపు శిక్షణ కార్యక్రమములను ఆశించు సంస్థలకు సంబంధించినది. నైపుణ్య శిక్షణ పథకముల క్రింద పిల్లలకు నేర్పి, తలకింత యని ప్రభుత్వమునుండి సొమ్ము పొందవచ్చునని పెక్కురు పెద్ద భవనములు అద్దెకు తీసికొనుచున్నారు. ఆ సొమ్ము ఒక్కసారి రాదు, విడతలుగా వచ్చును. పరీక్ష జరిగిన పిమ్మట కొంత, పిల్లలు పనిలో కుదిరిన పిమ్మట కొంత. అద్దె, జీతములు మాత్రము ఒకటవ తేదీ తప్పవు. ఈ నడిమి కాలమునకు వేరుగా నడుపు పెట్టుబడి లేనిచో, రాబడి కాగితముమీద నుండగనే సంస్థ మూతపడును. యంత్రములకు తీసికొను అప్పు వేరు, నడుపుటకు తీసికొను అప్పు వేరు. దరఖాస్తులో రెండింటిని వేరువేరుగా అడుగవలెను. మొదటి వాయిదాకు ముందు కొన్ని నెలల విరామము కోరవచ్చును; కాని ఆ విరామములో వడ్డీ నిద్రపోదని గుర్తుంచుకొనవలెను.

మూడవ పాఠము మా మేనమామది. నేర్పెడి విద్య ఎన్నేండ్లు నిలుచును? అప్పు తీరు కాలముకంటె విద్యకు ఆయుష్షు తక్కువైనచో ఆ అప్పు చేయరాదు. నేడు కంప్యూటరుమీద నేర్పెడి కొన్ని పనులు అయిదేండ్ల తరువాత ఎవరికిని అక్కరలేకపోవచ్చును. అట్టివానికి మూడేండ్లలో తీరు చిన్న అప్పు తగును.

ఇక కాగితముల సంగతి క్లుప్తముగా చెప్పెదము. ఉద్యమ్ అను నమోదు 2020 జూలై 1నుండి అమలులోనున్నది. ఆధారు సంఖ్యతో ఎవరికి వారే చేసికొనవచ్చును. దీనికి రుసుము లేదు. ఇందుకు వేలు పుచ్చుకొనువారిని నమ్మవలదు. గుర్తింపు, నివాసము తెలుపు పత్రములు, పాన్ కార్డు, ఖాతా లెక్కలు, అద్దె ఒడంబడిక, కొనదలచిన యంత్రములకు అంగడివారిచ్చిన ధరపట్టిక, మీ విద్యకు సర్టిఫికెట్టు — ఇవి సిద్ధముగా నుంచుకొనవలెను. దరఖాస్తును బ్యాంకు శాఖలో నీయవచ్చును. 2022 జూన్‌లో ప్రారంభమైన జన్‌సమర్థ్ అను ప్రభుత్వ వేదికద్వారా కంప్యూటరునుండియు పంపవచ్చును. దరఖాస్తు ముట్టినట్లు రసీదు తీసికొనవలెను. నిరాకరించినచో కారణము వ్రాతమూలకముగా నడుగవలెను. ఆ కారణము న్యాయమైనదైనచో దిద్దుకొనవలెను. కానిచో బ్యాంకు పై అధికారులకును, వారు వినకున్నచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కును చెప్పుకొనవచ్చును.

మరియొక హెచ్చరిక. ముద్రా సంస్థ తాను నేరుగా ఎవ్వరికిని అప్పు ఇయ్యదు. దానికి ఏజెంట్లు లేరు. "మీకు ముద్రా ఋణము మంజూరైనది, ముందుగా రెండువేలు పంపుడు" అని ఫోనులో వచ్చు మాట మోసము. ఎంత తియ్యగా పలికినను ఫోను పెట్టివేయుడు.

తామే నేర్పుటకు ముందు వ్యాపారము నడుపుట నేర్వదలచినవారికి ప్రతి జిల్లాలోను బ్యాంకుల ఆధ్వర్యమున గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు కలవు. అందు శిక్షణ ఉచితము. ఈ విషయమున మన తెలుగుదేశమునకు ఒక పూర్వకథ కూడ ఉన్నది. 1964లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు మనశ్శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లీలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థతో కలసి, కాకినాడ వర్తకులకు, చిన్న పరిశ్రమలవారికి కొన్ని దినముల శిక్షణ ఇప్పించెను. వారికి పెట్టుబడి పంచలేదు. గురి పెట్టుకొనుట, తన పనిని తానే కొలుచుకొనుట, మితమైన సాహసము చేయుట — ఇవి నేర్పినారు. తరువాత పరిశీలించినప్పుడు, శిక్షణ పొందినవారు పొందనివారికంటె తమ వ్యాపారములలో చురుకుగా ముందడుగు వేసినట్లు తేలినది. కాకినాడ ప్రయోగమని దానికి శాస్త్రగ్రంథములలో పేరు నిలిచినది. ఆ హైదరాబాదు సంస్థ నేటికిని వేరొక పేరుతో పనిచేయుచున్నది.

ఆనాడు కాకినాడవారు నేర్చినదియు, మన గోదావరితీరపు శ్రోత నాలుగు పుటలలో వ్రాసినదియు ఒక్కటే. అప్పు కోరువాడు ముందుగా తన లెక్క తాను వేసికొనవలెను. తన లెక్క తనకు తెలిసినవాని మాటకు బ్యాంకులో విలువ హెచ్చు. తెలియనివాడు ఎన్ని పత్రములు తాకట్టు పెట్టినను నిలువలేడు. ప్రభుత్వపు హామీ మన యింటిని కాపాడగలదు గాని, మన లెక్కను మనకొరకు వేయజాలదు.

మొన్న ఆమె ఉత్తరము మరల వచ్చినది. పదునెనిమిది వాయిదాలు చెల్లినవట. ముగ్గురు శిష్యురాండ్రు తమ తమ ఊళ్లలో సొంత మిషన్లు పెట్టుకొన్నారట. "మరి రెండు యంత్రములు కొందునా?" అని అడిగినది. ఎండిన నెలల లెక్క వేసి పంపుమని జవాబు వ్రాసితిమి.

శ్రోతలలో ఎవరైన ఇట్టి సంకల్పముతో నున్నచో, దరఖాస్తు పట్టుకొని పోవుటకు ముందు ఒక నోటుపుస్తకము కొని, ఈ నెలనుండియే మీ రాబడిని, ఖర్చును అందు వ్రాయుట మొదలుపెట్టుడు. ఆరు నెలల పిమ్మట బ్యాంకునకు పోవునప్పుడు దానికంటె మంచి సిఫారసు మీకు మరియొకటి ఉండబోదు.